మామయ్య చెప్పని మాత్ర

మామగారికి చూపు మందగించిందన్న సంగతి ముందుగా పసిగట్టింది ఇంట్లో ఉన్న కంటి డాక్టరు కాదు, ఆయన దగ్గర కోటు కుట్టించుకున్న ఒక బ్యాంకు ఆఫీసరు. ముదురు నీలం కోటు. ఇంటికి తీసుకెళ్ళి ఎండలో తొడుక్కుని చూసుకుంటే ఒక చేతికి నీలం దారం, రెండో చేతికి నల్ల దారం. పెద్దమనిషి గొడవేమీ చేయలేదు. కోటు మడిచి తెచ్చి కౌంటరు మీద పెట్టి, "మాస్టారూ, ఫ్యాషనేమైనా మారిందా?" అని మాత్రం అడిగాడు.

ఆ మాట సాయంత్రానికల్లా ఇంటికి చేరింది.

"దీపం కింద చీకటంటే ఇదే," అంది అత్తగారు కోడలి వైపు చూస్తూ. "ఊళ్ళో వాళ్ళ కళ్ళన్నీ బాగుచేస్తావు. రోజూ ఎదురుగా కూర్చుని భోంచేసే మనిషి కళ్ళు చూడలేదు."

డాక్టరుకు ఆ మాట నిజమేననిపించింది. మామగారు కుట్టుమిషను పైన పెద్ద బల్బు వేయించుకున్నారు. సూదిలో దారం అత్తగారి చేత ఎక్కించుకుంటున్నారు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నారు. అన్నీ ఆమె చూస్తూనే ఉంది. అడిగితే "మిషను పాతబడిందమ్మా", "మెట్లు అరిగిపోయాయి" అనేవారు. ఆయన తీరే అంత. పన్ను నొప్పి వస్తే దవడ వాచి నలుగురికీ కనబడేదాకా నోరు విప్పని మనిషి. ఒంటి సంగతులు మాట్లాడటమంటే ఆయనకు చొక్కా లేకుండా వీధిలో నిలబడినంత సిగ్గు.

మర్నాడు ఆసుపత్రికి తీసుకెళ్ళి పరీక్ష చేసింది. కుడి కంట్లో శుక్లం బాగా ముదిరింది. ఎడమ కన్ను పుట్టుకతోనే మెల్ల. ఆ కంటితో ఆయనకు ఎదుటి మనిషి నీడలా కదులుతాడు, అంతే. ఇన్నేళ్ళూ కోట్లు కత్తిరించినా, కాజాలు కుట్టినా అంతా ఈ కుడి కంటితోనే. ఉన్నది ఒక్కటే కన్ను అన్నమాట.

"పెద్ద డాక్టరుగారి చేత చేయిద్దాం మామయ్యా," అందామె.

"ఎందుకూ? నేను బట్టలు కుట్టేవాణ్ణయి ఉండి నా కొడుకు పెళ్ళికి రెడీమేడ్ కోటు కొన్నానా? ఇంట్లో డాక్టర్ని పెట్టుకుని ఇంకెవరి చేతో కోయించుకుంటానా?"

"అది కాదు మామయ్యా. సొంతవాళ్ళకి చేసేటప్పుడు చెయ్యి..."

"సొంతవాళ్ళయితే చెయ్యి ఇంకాస్త జాగ్రత్తగా ఉంటుంది. అంతేగా?"

భర్తను అడిగితే, "నాన్నకి నీ మీదున్న నమ్మకం నా మీద కూడా లేదు. కాదంటే చిన్నబుచ్చుకుంటారు," అన్నాడు. పెద్ద డాక్టరుగారిని అడిగితే కాసేపు కళ్ళజోడు తుడుచుకుని, "నీకు ధైర్యముంటే చెయ్యి. పక్క థియేటర్లో నేనుంటాను," అన్నారు. ధైర్యం ఉందో లేదో ఆమెకే తెలియలేదు. లేదని చెప్పడానికి మాత్రం ధైర్యం చాలలేదు.

ఆ రోజు భోజనాల దగ్గరే మందుల సంగతి అడిగింది. "ఏమేం మాత్రలు వాడుతున్నారు మామయ్యా?"

"బీపీకి ఒకటి. అంతే."

అత్తగారు ఖాళీ గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆసుపత్రిలో చేర్చుకునేటప్పుడు సిస్టర్ కూడా అదే ప్రశ్న అడిగింది. కొడుకు పక్కనే నిలబడి ఉన్నాడు. ఆయన అదే జవాబు చెప్పారు.

ఆపరేషన్ రోజు పొద్దున సిస్టర్ వచ్చి, "మేడమ్, కంట్లో చుక్కలు ఇంకో విడత కూడా వేశాను. పాప సగమే తెరుచుకుంది," అంది.

డాక్టరు టార్చి వేసి చూసింది. కంటిపాప అంటే నిజానికి ఒక రంధ్రం. దాని చుట్టూ ఉండే గోధుమరంగు పొరను ఐరిస్ అంటారు. వెనకనున్న శుక్లాన్ని తీయాలంటే ఆ పొర పక్కకు తప్పుకుని దారి ఇవ్వాలి. మామగారి కంట్లో అది మొహమాటపడుతూ కొంచెమే తప్పుకుంది. పెద్ద వయసులో అలా ఉండటం కొత్తేమీ కాదు. సరిపోతుందిలే అనుకుంది. అనుకున్నాక కూడా మనసులో ఎక్కడో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

కన్ను పక్కన ఇంజెక్షన్ ఇచ్చి మొద్దుబార్చారు. ఒళ్ళంతా నీలం గుడ్డ కప్పి, కన్ను ఒక్కటే కనబడేలా వదిలారు. గుడ్డ కింద నుంచి మామగారి గొంతు వచ్చింది. "అమ్మాయ్, ఈ గుడ్డ మరీ నాసిరకం. గరుగ్గా ఉంది."

సిస్టర్ కిసుక్కున నవ్వింది. మత్తు డాక్టరు కూడా నవ్వాడు. ఆమె నవ్వి, మైక్రోస్కోపులోకి వంగింది.

మొదట అంతా సాఫీగానే నడిచింది. అంచున ఒక దారి, దాని పక్కన ఇంకో చిన్న దారి చేసి, కన్ను లోపల జెల్ నింపింది. శుక్లాన్ని చుట్టి ఉండే సంచికి ముందువైపు గుండ్రంగా కిటికీ కత్తిరించింది. ఇక శుక్లాన్ని సంచి నుంచి విడదీయడానికి సన్నటి గొట్టంతో నీళ్ళు పంపింది.

అప్పుడు ఐరిస్ కదిలింది.

బిగువుగా నిలబడాల్సిన పొర, గాలి తగిలిన పల్చటి పరదాలా అలలు అలలుగా ఊగింది. ఆమె చెయ్యి వెనక్కి తీసే లోపలే దాని అంచు ఒకటి, తాను చేసిన దారిలోంచే జారి, కంటి బయటికి నాలుకలా పొడుచుకొచ్చింది. చూస్తూ ఉండగానే కంటిపాప కుంచించుకుపోయింది.

అది ఐరిస్. ఒకసారి నలిగితే మళ్ళీ అతుక్కునేది కాదు. నెట్టకూడదు, లాగకూడదు. పక్కనున్న చిన్న దారిలోంచి కొంచెం జెల్, కొంచెం నీరు బయటికి వదిలి లోపలి ఒత్తిడి తగ్గించింది. పొర అంచు అయిష్టంగా లోపలికి వెళ్ళింది. పరికరం మొన మళ్ళీ దగ్గరికి చేర్చిందో లేదో, మళ్ళీ బయటికి వచ్చేసింది.

థియేటర్లో మాటలు ఆగిపోయాయి. మామగారి గుండె చప్పుడు చెప్పే మిషను ఒక్కటే కూస్తోంది.

"పెద్ద డాక్టరుగారిని పిలవండి," అంది మెల్లగా.

సిస్టర్ వెళ్ళి వచ్చింది. "ఆయన కేసు మధ్యలో ఉన్నారు మేడమ్. వస్తారట. అంతవరకూ దేన్నీ ముట్టుకోకుండా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోమన్నారు."

ఆమె పరికరాలు ట్రేలో పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఏమీ చేయకుండా కూర్చోవడం ఇంత కష్టమని ఆమెకు తెలియదు. ఎదురుగా తెర మీద మామగారి కన్ను బల్ల అంత పెద్దదిగా కనబడుతోంది, అంచున గోధుమరంగు నాలుకతో. బయట బెంచీ మీద అత్తగారు, భర్త కూర్చుని ఉంటారు. ఈ పొర చిరిగితే, వెనక సంచి పగిలితే, శుక్లం ముక్కలు కంటి అడుగుకి జారితే... వాళ్ళ దగ్గరికి ఏ మొహంతో వెళ్ళాలి?

"అమ్మాయ్," అన్నారు మామగారు. "మాటలు ఆగిపోయాయేం?"

"ఏం లేదు మామయ్యా. మీరు కదలకండి."

"నేను కదలట్లేదు. నీ గొంతు కదులుతోంది."

ఆమె కళ్ళు మూసుకుని తెరిచింది. ఐరిస్ ఊగడం, బయటికి జారడం, పాప ముడుచుకుపోవడం. మూడూ ఒక్కచోట. ఇది పుస్తకంలో చదివింది, రోగుల్లో చూసింది, తన కింద నేర్చుకునేవాళ్ళకు పాఠం చెప్పింది. అదే మరో మనిషి కన్నయితే ఈపాటికి ఆ ప్రశ్న అడిగి ఉండేది. మామగారి ముందు ఆ ప్రశ్న ఆమె బుర్రలోకే రాలేదు.

"మామయ్యా, ఒక్క సంగతి అడుగుతాను, దాచకుండా చెప్పండి. మూత్రం సరిగ్గా రావడానికి ఏమైనా మాత్రలు వేసుకుంటున్నారా?"

మిషను కూత వేగం పెరిగింది.

"మామయ్యా."

"ఇక్కడ ఎంతమంది ఉన్నారమ్మా?"

"అందరం డాక్టర్లం, సిస్టర్లమే."

"అదే కదా బాధ."

"నేను చెవి దగ్గర పెడతాను. నాకొక్కదానికే చెప్పండి."

ఆమె గుడ్డకు తగలకుండా వీలైనంత వంగింది. ఆయన గొంతు తగ్గించి చెప్పారు. కానీ ఆ నిశ్శబ్దంలో అందరికీ వినబడింది. "పదే పదే లేవాల్సి వస్తోందని మన వీధి చివర డాక్టరు రాసిచ్చాడు. రెండేళ్ళ పైమాటే. రోజుకొకటి. నిన్నటి నుంచి మానేశాలే. కోడలికి ఎలా చెప్పుకోను ఇలాంటివి?"

"అత్తయ్యకి తెలుసా?"

"మీ అత్తయ్యేగా కుట్టుపెట్టెలో దారపు ఉండల కింద దాచేది!"

సిస్టర్ మొహం పక్కకు తిప్పుకుంది. డాక్టరుకు ఒక్కసారిగా నవ్వూ ఏడుపూ ముంచుకొచ్చాయి. రెంటినీ మింగేసింది. ప్రొస్టేట్ కోసం ఇచ్చే ఆ మాత్ర మూత్రం దారిలో కండరాన్ని వదులు చేస్తుంది. అలాంటి కండరమే ఐరిస్‌లోనూ ఉంది. అక్కడా బిగువు పోతుంది. నిన్న మానేసినా, పోయిన నెల మానేసినా పోయిన బిగువు తిరిగి రాదు. భయం తగ్గలేదు కానీ, ఇప్పుడు దానికో పేరు వచ్చింది.

"సిస్టర్, పలచన చేసిన అడ్రినలిన్ ఇవ్వండి. ఐరిస్ హుక్కులు కూడా తెరవండి. మెషీన్లో నీళ్ళ వేగం బాగా తగ్గించండి."

"బీపీ చూసుకుంటాను," అన్నాడు మత్తు డాక్టరు.

కొద్దిగా మందు లోపలికి పంపింది. పొర కాస్త బిగిసింది. పాప ఒక రవ్వంత తెరుచుకుంది. చాలదు. పాత దారి ఐరిస్‌కి బాగా అలవాటైపోయింది కనుక దాన్ని ఒక కుట్టుతో మూసేసి, కాస్త ఎడంగా మరో దారి చేసింది. ఇక హుక్కులు. తల వెంట్రుకలాంటి సన్నటి కొక్కేలు. నాలుగు వైపుల నుంచీ దూర్చి ఐరిస్ అంచును పట్టుకుని పక్కకు లాగి ఉంచాలి. ముందే పెట్టుకుని ఉంటే ఇది సులువైన పని. ఇప్పుడు సంచికి కిటికీ కత్తిరించేసింది. కొక్కెం ఐరిస్‌ని కాక ఆ కిటికీ అంచుని పట్టుకుంటే సంచి సర్రున చిరుగుతుంది.

మొదటిది పడింది. రెండోదీ పడింది. మూడోది లాగుతుండగా, సంచి మీద సన్నటి గీత ఒకటి తళుక్కుమంది.

ఆమె చెయ్యి రాయిలా ఆగిపోయింది. ఆ గీత ముడతా, చిరుగా? కొక్కేన్ని వచ్చిన దారినే వెనక్కి నెట్టింది. గీత మాయమైంది. ముడతే. జెల్ ఇంకొంచెం వేసి ఐరిస్‌ని పైకి లేపి, అంచు స్పష్టంగా కనబడ్డాక మళ్ళీ పట్టింది. తర్వాత నాలుగోది.

అప్పటికి పెద్ద డాక్టరుగారు వచ్చి వెనక నిలబడ్డారు. ఆయన రాక ఆమె గమనించలేదు. మైక్రోస్కోపుకున్న పక్క గొట్టంలోంచి కాసేపు చూసి, "ఏ మాత్ర?" అన్నారు.

ఆమె చెప్పింది.

"మీరు చేస్తారా సార్?" అని కూడా అడిగింది. ఆ అడగడం మర్యాదకి కాదు, మొహమాటానికి కాదు. నిజంగానే అడిగింది.

"దారి నువ్వు చేశావు, దాని లోతు నీకు తెలుసు. కానివ్వు. నేనిక్కడే ఉంటాను."

శుక్లం గట్టిగా ఉంది. ముక్కలు చేస్తూ ఒక్కొక్కటే మెల్లగా తీసింది. తొందరపడితే కొంప మునుగుతుంది. ఒకచోట ఐరిస్ అంచు పరికరానికి రాసుకుని పీచులు లేచింది. మామూలుగా టీ చల్లారే లోపల అయిపోయే పని, ఆ రోజు ఎంతకీ తెమలలేదు. చివరికి వెనక సంచి చెక్కుచెదరలేదని తేలాక, లెన్స్ పెట్టి, హుక్కులు తీసి, కంటికి కట్టు వేసేసరికి ఆమె మెడ కొయ్యబారిపోయింది.

బయటికి రాగానే భర్త లేచి నిలబడ్డాడు. "ఇంతసేపైందేం?"

ఆమె అతన్ని దాటి వెళ్ళి అత్తగారి ముందు నిలబడింది. "అత్తయ్యా, కుట్టుపెట్టెలో మాత్రల సంగతి నాకెందుకు చెప్పలేదు?"

అత్తగారి మొహం పాలిపోయింది. "ఆయనకేమైనా అయిందా?"

"కన్ను పోయేది."

"చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారే! కిందికి వేసుకునే మాత్రకీ, పైనున్న కంటికీ సంబంధమేమిటనుకున్నాను." అక్కడితో ఆగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. "పోయిందా? ఉందా? అది చెప్పు ముందు."

"రేపు తెలుస్తుంది," అందామె. అంతకంటే మంచిమాట ఆమె దగ్గర లేదు.

మర్నాడు కట్టు విప్పితే మామగారు అటూ ఇటూ తల తిప్పి చూశారు. తర్వాత, "తెల్లగా పొగలా ఉందమ్మా. నువ్వెటువైపున్నావు?" అన్నారు.

అంతసేపు నీళ్ళూ పరికరాలూ తిరిగితే కంటి ముందు అద్దం లాంటి పొర వాచడం మామూలే, తగ్గుతుందని ఆమెకు తెలుసు. వేరే రోగికైతే ధీమాగా చెప్పి పంపేది. ఆయనకూ అదే చెప్పింది. చెబుతున్నప్పుడు తన మాట తనకే అబద్ధంలా వినిపించింది. కంట్లో ఒత్తిడి కూడా పెరిగి ఉంది. దానికి మందు వేసింది. తన కళ్ళ మీద తనకే నమ్మకం చాలక, పెద్ద డాక్టరుగారి చేత కూడా చూపించింది. ఆయన "ఆగుదాం" అన్నారు. ఆ ఒక్క ముక్క పట్టుకుని ఇల్లు చేరారు.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో ఇంట్లో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. మామగారు గోడ పట్టుకుని గదుల మధ్య నడిచేవారు. తలుపు అంచు తగిలి మోచెయ్యి దోక్కుపోయినా అబ్బా అనలేదు. షాపుకు తాళం. "మాస్టారెప్పుడొస్తారు?" అని ఎవరో ఒకరు ఇంటికి రావడం, అత్తగారు "వస్తారు, వస్తారు" అని పంపేయడం. భర్త ఆమెను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఆమెకు భారంగా ఉంది. పొద్దున లేవగానే టార్చి తీసుకుని మామగారి దగ్గరికి వెళ్ళడానికి ఆమె కాళ్ళు వెనక్కి లాగేవి.

"వేళ్ళెన్ని మామయ్యా?"

"మూడు... కాదు, రెండు."

"ఇప్పుడు?"

"అడక్కమ్మా. నువ్వు అడుగుతుంటే నాకే పరీక్ష తప్పినట్టుంటుంది."

అలా నడుస్తుండగా ఒక పొద్దున ఆమె టార్చి తీసుకుని వంగితే, ఆయన దాన్ని చేత్తో పక్కకు తప్పించి ఆమె మొహంలోకి చూస్తూ ఉండిపోయారు.

"నీ కళ్ళ కింద ఆ నలుపేమిటమ్మా? నిద్రపోవట్లేదా?"

ఆమెకు అర్థం కావడానికి క్షణం పట్టింది. తర్వాత మంచం అంచున కూలబడి, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. అత్తగారు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, సంగతేమిటో తెలియకుండానే తనూ మొదలుపెట్టింది.

"ఇద్దరూ ఆపండి," అన్నారు మామగారు. "కనబడుతోందని చెబితే ఈ శోకాలేమిటి?"

ఏడుపు తీరాక ఆమెకు కోపం వచ్చింది. అన్ని రోజులూ ఎక్కడ దాక్కుందో ఏమో, ఒక్కసారిగా పొంగుకొచ్చింది.

"మామయ్యా, మీకు సిగ్గు ముఖ్యమా, కన్ను ముఖ్యమా? మాత్ర మానేయమని కూడా అననుగా! చెబితే చాలు, మొదటి నిమిషంలోనే హుక్కులు పెట్టుకుని మొదలుపెట్టేదాన్ని. ఇంత జరిగేదే కాదు."

ఆయన తల వంచుకుని విన్నారు. ఇంటికొచ్చిన కోడలు ఆయన మీద గొంతు పెంచడం అదే మొదలు.

"తప్పేనమ్మా," అన్నారు చివరికి. "కానీ ఒకటి. నువ్వు అడిగింది భోజనాల దగ్గర. అందరూ ఉన్నారు. గదిలోకి పిలిచి తలుపేసి అడిగుంటే చెప్పేవాణ్ణో ఏమో. చెప్పేవాణ్ణని ఒట్టేయలేను."

ఆ మాట ఆమెకు తగిలింది. కోపం సగంలో ఆగింది. "నేనూ అలా అడగాల్సింది మామయ్యా," అంది.

చూపు నెల తిరిగేసరికి బాగా కుదుటపడింది. మామగారు మళ్ళీ షాపు తెరిచారు. అయితే ఆయనలో ఒక మార్పు వచ్చింది. పెద్ద వయసు వాళ్ళు ప్యాంటు కుట్టించుకోవడానికి వస్తే, నడుం చుట్టూ టేపు వేస్తూనే, "ఉచ్చ మాత్రలేమైనా వాడుతున్నారా? వాడితే కంటి డాక్టరుకి ముందే చెప్పండి," అని వీధంతా వినబడేలా చెబుతున్నారు. ఒక రిటైర్డు హెడ్మాస్టరు టేపు విడిపించుకుని వెళ్ళిపోయాడట. అత్తగారు తల పట్టుకుంది. "ఈయనకి నోరు తెరవమంటే తెరవరు, తెరిచాక మూయమంటే మూయరు. ఏం చేసుకోను?"

ఇంట్లో అందరూ నవ్వుతారు. డాక్టరు కూడా నవ్వుతుంది. కానీ మామగారి కుడి కంటిపాప ఇప్పుడు గుండ్రంగా లేదు. పీచులు లేచిన వైపు కాస్త కోలగా సాగి ఉంది. ఎండలోకి వెళితే వెలుగు గుచ్చుకుంటుందని ఆయన టోపీ పెట్టుకుంటారు. ఎవరూ పట్టించుకోరు, ఆయనతో సహా. ఆమెకు మాత్రం భోజనాల దగ్గర తల ఎత్తినప్పుడల్లా ముందు అదే కనబడుతుంది.

"ఏమ్మా, అలా చూస్తావు?" అంటారాయన.

"ఏం లేదు మామయ్యా," అని, వెంటనే సర్దుకుని, "కంటిపాప వంక చూస్తున్నాను. ఆ రోజు నా చేతిలో నలిగింది కదా. చూసినప్పుడల్లా భయమేస్తుంది," అని ఉన్నమాట చెబుతుంది.

ఆయన కంచంలో అన్నం కలుపుతారు. "నాకూ వేసింది ఆ రోజు," అంటారు. ఇద్దరూ మళ్ళీ భోజనంలో పడతారు.